జంతువులంటే ప్రాణమే, కానీ వెటర్నరీ చదవగలనా?

ప్రశ్న: డాక్టరమ్మగారూ, నేను విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతున్నాను. మాది వినుకొండ వైపు పల్లెటూరు. ఇంట్లో రెండు గేదెలున్నాయి. చిన్నప్పటి నుంచీ జంతువులంటే ప్రాణం. హాస్టల్ గేటు దగ్గర కుక్కలకు రోజూ అన్నం పెడతాను. పోయిన ఏడాది మా గేదె దూడ మూడు వారాలకే చనిపోయింది. పొట్ట ఉబ్బి, బంకమట్టిలా పారుకుని పోయింది. చాలా రోజులు ఏడ్చాను. ఎందుకు పోయిందో మా ఊళ్లో ఎవరూ చెప్పలేకపోయారు. నాన్నకు నన్ను ఎంబీబీఎస్ చదివించాలని ఉంది. నాకేమో వెటర్నరీ మీద మనసు. ‘ఆడపిల్లవి, గొడ్ల డాక్టరువై ఊళ్లు పట్టుకుని తిరుగుతావా’ అంటుంది అమ్మ. దూడ పోతేనే తట్టుకోలేకపోయాను, ఈ చదువు చదవగలనా? జంతువులతో ఉండే వేరే ఉద్యోగాలేమైనా ఉన్నాయా? సీటు రాకపోతే లాంగ్‌టర్మ్ తీసుకోవాలా? డల్లాస్‌లో ఉండే మా బాబాయి అమెరికా వచ్చి చదవచ్చు కదా అంటున్నాడు. ఏమీ తోచక టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

అమ్మా, ముందు దూడ సంగతి చెప్తాను. కళ్లతో చూడకుండా రోగం ఇదేనని ఖాయంగా చెప్పకూడదు. కానీ మూడు వారాల గేదె దూడ, ఉబ్బిన పొట్ట, బంకమట్టి రంగు పారుడు అనగానే మాకు మొదట అనుమానం వచ్చేది ఏలికపాముల మీద. ఈ పురుగు పిల్లలు తల్లి ఒంట్లో కదలకుండా దాగి ఉంటాయి. గేదె ఈనాక పాలతో పాటు దూడ కడుపులోకి చేరి, అక్కడ పెరిగి, పేగుల్లో ఉండలు కడతాయి. దూడ పాలు తాగుతూనే ఉంటుంది, పొట్ట పెద్దదవుతూనే ఉంటుంది, ఒళ్లు మాత్రం చిక్కిపోతుంది. పుట్టిన రెండో వారంలో ఒకసారి నట్టల మందు పట్టిస్తే చాలావరకు గండం గట్టెక్కుతుంది. అది ఖరీదైన మందు కూడా కాదు. ఇంకో సంగతి. మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరకు రానివ్వని ఇళ్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి. దూడ పుట్టేటప్పుడు దాని రక్తంలో రోగాన్ని ఎదుర్కొనే శక్తి ఉండదు, అది జున్నుపాలతోనే రావాలి. గంటలు గడిచేకొద్దీ దూడ పేగులు ఆ శక్తిని లోపలికి తీసుకోవడం తగ్గించేస్తాయి. అందుకే పుట్టిన గంట రెండు గంటల్లోపే జున్నుపాలు తాగించమంటాం. ఈసారి మీ గేదె ఈనినప్పుడు ఈ రెండూ మీ ఇంట్లో చెప్పు.

నువ్వు సలహా అడిగితే పాఠం మొదలుపెట్టానని అనుకోకు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చాలా రోజులు ఏడ్చానన్నావు, కుక్కలకు అన్నం పెడతానన్నావు. మంచి మనసు, కాదనను. కానీ ‘ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఏడాది గడిచినా ఆ ప్రశ్న నిన్ను వదల్లేదు. పై పేరా చదువుతుంటే ‘అవునా, పాల ద్వారానా, మరి తల్లికి ముందే మందు వేస్తే సరిపోదా’ అని నీకు ఇంకో ప్రశ్న పుట్టిందా? పుట్టి ఉంటే వెటర్నరీ గురించి గట్టిగా ఆలోచించాల్సిన పిల్లవే. అలా కాకుండా ‘పాపం దూడ’ అనుకుని కళ్లు తుడుచుకుని ఉంటే అదీ తప్పు కాదు, కానీ నీ దారి వేరే వైపు ఉండవచ్చు.

జంతువుల మీద ప్రేమ వెటర్నరీలో చేరడానికి చాలినంత కారణం కాదని నా గట్టి నమ్మకం. అంత ప్రేమతోనే వచ్చి రెండో ఏటికల్లా నీరసపడిపోయిన వాళ్లను చూశాను. ఎంబీబీఎస్ రాలేదని అయిష్టంగా చేరి, ఇవాళ వాళ్లు కత్తి పట్టారంటే పక్కన నిలబడి నేర్చుకోవాలనిపించే సర్జన్లయిన వాళ్లనూ చూశాను. ప్రేమ నిన్ను గేటు దాకా తీసుకొస్తుంది. లోపల ఏళ్ల తరబడి రోజూ చేసే పని నీకు నచ్చుతుందా లేదా అన్నదే అసలు లెక్క. కాబట్టి ఆ పని ఎలా ఉంటుందో చెప్తాను.

పొద్దున్నే ఫోను వస్తుంది. రాత్రి ఈనిన ఆవు లేవడం లేదంటారు. వెళ్లేసరికి ఆవు మెడ పక్కకు తిప్పి, తల డొక్క మీద ఆనించుకుని పడి ఉంటుంది. చెవులు ముట్టుకుంటే చల్లగా ఉంటాయి. ముట్టె ఎండిపోయి ఉంటుంది. పక్కన ఇంటావిడ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంటుంది. దీన్ని పాలజ్వరం అంటారు. పేరులోనే జ్వరం గానీ ఒళ్లు చల్లబడిపోతుంది. ఈనగానే కాల్షియం ఒక్కసారిగా పాలలోకి వెళ్లిపోయి, రక్తంలో తగ్గిపోయి, కండరాలు పట్టు తప్పుతాయి. మెడ దగ్గరి పెద్ద నరంలోకి కాల్షియం సీసా ఎక్కించాలి. నెమ్మదిగా ఎక్కించాలి. ఒక చేత్తో సీసా పట్టుకుని, ఇంకో చేత్తో గుండె మీద స్టెతస్కోపు పెట్టి వింటూనే ఉండాలి. చుట్టూ ఉన్నవాళ్లు ‘తొందరగా ఎక్కించండమ్మా’ అంటుంటారు. వాళ్ల మాట విని వేగం పెంచితే గుండె ఆగిపోవచ్చు. సీసా సగమయ్యేసరికి ఆవు ఒంట్లో సన్నగా వణుకు పుడుతుంది. ఒక త్రేన్పు వస్తుంది. పేడ వేస్తుంది. ఇంకాసేపటికి వెనక కాళ్లు ముందు ఎత్తి, తూలుతూ లేచి నిలబడుతుంది. ఎన్నేళ్లు చేసినా నాకు ఆ నిమిషం పాతబడలేదు.

అదే రోజు మధ్యాహ్నం ఇంకో ఊరు. గర్భసంచి మెలిపడి ఈనలేకపోతున్న గేదె. గేదెల్లో ఇది తరచుగా చూస్తాం. భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి మెలి ఎటు తిరిగిందో కనుక్కోవాలి. మెలి తిరిగిన వైపే గేదెను పడుకోబెట్టి, డొక్క మీద పొడవాటి చెక్క అడ్డంగా పెట్టి, దాని మీద ఒక మనిషిని నిలబెట్టి, కాళ్లకు తాళ్లు కట్టి, మిగతావాళ్లంతా కలిసి గేదెను ఒక్కసారి దొర్లించాలి. గర్భసంచి కదలకుండా ఒళ్లు తిరిగితే మెలి విడిపోతుంది. ఆ ఆరేడుగురినీ పోగుచేయడం, ఎవరు ఏ తాడు పట్టుకోవాలో చెప్పడం, అరిచేవాళ్ల నోరు మూయించడం కూడా డాక్టరు పనే. మెలి విడకపోతే ఆపరేషన్. అప్పుడు రైతు నిన్ను పక్కకు పిలిచి నెమ్మదిగా అడుగుతాడు: ‘ఎంతవుద్దమ్మా? బతుకుద్దా? బతికినా పాలిస్తదా?’ ఆ గేదె మీద అప్పు ఉండొచ్చు. దాని పాల డబ్బులతోనే పిల్లల ఫీజు కడుతూ ఉండొచ్చు. నీకు ప్రాణం కాపాడాలని ఉంటుంది. అతని దగ్గర అంత డబ్బు ఉండదు. నీ తొందర పక్కన పెట్టి అతనికి ఉన్నదున్నట్టు చెప్పాలి. అతను ఏ నిర్ణయానికి వచ్చినా అతన్ని కసాయివాణ్ణి చూసినట్టు చూడకూడదు.

దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు గానీ, పశువైద్యంలో సగం పని మనుషులతోనే. ‘మనుషులంటే విసుగు, అందుకే జంతువుల దగ్గరకు వెళ్తాను’ అనే పిల్లలు అప్పుడప్పుడు నాకు ఉత్తరాలు రాస్తుంటారు. వాళ్లకు ఈ వృత్తి సరిపడదు. గేదె నొప్పి ఎక్కడుందో చెప్పదు. యజమాని చెప్పినదాంట్లోంచి, చెప్పకుండా దాచినదాంట్లోంచి నువ్వే ఏరుకోవాలి. నాటు మందు ఏదో పట్టించి, తిడతావని నీకు చెప్పకుండా ఊరుకుంటారు. వాళ్లు నోరు విప్పేలా మాట్లాడటం రావాలి.

ఇక ఏడుపు సంగతి. చావు చూస్తే ఏడుపొచ్చే మనిషి డాక్టరు కాకూడదని ఎక్కడా లేదు. ఏడుపు వస్తున్నా చేతులు పని చేస్తాయా లేదా అన్నది చూసుకోవాలి, అది అలవాటుతో చాలావరకు వస్తుంది. కానీ ఈ చదువులో చావు మాత్రం ఎక్కువే కనిపిస్తుంది. మొదటి ఏడాది శరీర నిర్మాణ శాస్త్రంలో ఫార్మాలిన్ వాసన కళ్లు మండిస్తుండగా కళేబరం కోసి నేర్చుకుంటావు. పోస్టుమార్టాలు చేస్తావు. మాంసం తనిఖీ చదువుతావు, కబేళా చూస్తావు. మనుషులు తినే మాంసం, పాలు శుభ్రంగా ఉన్నాయో లేదో చూడటం కూడా పశువైద్యుడి బాధ్యతే కాబట్టి అది తప్పదు. మీ ఇంట్లో శాకాహారులైతే దీని గురించి ముందే ఆలోచించుకో. కుక్కపిల్లలు పార్వో జబ్బుతో కళ్ల ముందే పోతాయి. బాగుపడే దారి లేక బాధపడుతున్న కుక్కకు నొప్పి లేకుండా కన్నుమూసే సూది వేయాల్సి వస్తుంది. వేసి, బయటకొచ్చి, తర్వాతి కుక్కకు నవ్వుతూ టీకా వేయాలి. ఇది బరువైన పని. తేలిక చేసి చెప్పి నిన్ను చేర్పించడం నాకిష్టం లేదు.

చదువులో పెద్ద భాగం పాడి, గొర్రెలు, కోళ్ల చుట్టూ తిరుగుతుందని కూడా తెలుసుకో. కుక్కల కోసమే చేరేవాళ్లు ఇక్కడ నిరుత్సాహపడతారు. దాణా లెక్కలు, షెడ్డు ఎటు ముఖం పెట్టి కట్టాలి, ఎద గుర్తించడం, చూడి పరీక్ష, పొదుగువాపు, ఇవన్నీ ఉంటాయి. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలో మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండోది. కోళ్లలోనూ మన రెండు రాష్ట్రాలూ ముందు వరసలోనే ఉన్నాయి. వేల కోళ్లున్న షెడ్డులో డాక్టరు ఒక కోడికి వైద్యం చేయడు. చచ్చిన నాలుగు కోళ్లను కోసి చూసి, మిగతా షెడ్డునంతా ఎలా కాపాడాలో చెప్తాడు. గొర్రెల మందలో నీలినాలుక వ్యాధి వచ్చినా అంతే. ఒక్క ప్రాణిని ఒళ్లో పెట్టుకుని చూసే మనసుకు ఈ పద్ధతి మొదట్లో మింగుడుపడదు. కానీ పశువైద్యం సాధించిన గొప్ప విజయాలు ఈ వైపు నుంచే వచ్చాయి. రిండర్‌పెస్ట్ అని పశువుల మహమ్మారి ఒకటి ఉండేది, ఊళ్లకు ఊళ్లే గొడ్లు లేకుండా చేసేది. టీకాలు వేసి వేసి, ఊరూరా నిఘా పెట్టి, 2011లో అది ప్రపంచంలోనే లేకుండా పోయిందని ప్రకటించారు. మనుషుల్లో మశూచి తర్వాత భూమ్మీద నుంచి పూర్తిగా తుడిచిపెట్టిన జబ్బు ఇదొక్కటే. ఆ టీకా డబ్బా మోసుకుని ఊళ్లు తిరిగినవాళ్లు పశువైద్యులు, మన కాంపౌండర్లే.

అమ్మ మాట కూడా చూద్దాం. ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. రాత్రిపూట ఈత కేసులు, ఒంటరిగా ప్రయాణాలు, ఊరి మగవాళ్ల మధ్య నిలబడి చెయ్యి లోపల పెట్టాల్సిన పని, ఇవన్నీ ఆవిడ ఊహించుకుని ఉంటుంది. కొత్తలో ‘మగ డాక్టరు లేడా’ అని అడిగే ఊళ్లు ఉన్నాయి. ఒక కష్టమైన ఈత గట్టెక్కించాక ఆ ఊళ్లో మళ్లీ ఆ మాట వినపడదు. బలం చాలదేమో అన్న భయం మాత్రం అనవసరం. దూడను లాగడంలో బలం కంటే దాని తల, కాళ్లు సరిచేసి, నూనె జారేలా పోసి, నొప్పి వచ్చినప్పుడే లాగడం తెలియాలి. సన్నని చెయ్యి ఉన్నవాళ్లకు గొర్రెలు, మేకల ఈతల్లో నిజంగానే సుళువు. ఇప్పుడు ఏ వెటర్నరీ కాలేజీకి వెళ్లినా అమ్మాయిలు బాగా కనిపిస్తారు. అసలు ప్రమాదాలు వేరే ఉన్నాయి, వాటికి భయపడాలి: తన్నులు, కొమ్ముపోట్లు, పిచ్చికుక్క కాట్లు, చూడి పోయిన గొడ్డు మాయను చేతి తొడుగు లేకుండా తీస్తే అంటుకునే బ్రూసెల్లోసిస్ జ్వరాలు. జాగ్రత్తగా పని చేయడం చదువులోనే నేర్పుతారు. అన్నట్టు, నువ్వు రోజూ వీధికుక్కల దగ్గరకు వెళ్తున్నావు కాబట్టి డాక్టరును అడిగి రేబిస్‌కు ముందు జాగ్రత్త టీకాలు వేయించుకో. ఎప్పుడైనా పన్ను గీరుకున్నా సబ్బుతో పావుగంట కడిగి వెంటనే ఆసుపత్రికి పో. ఇది మాత్రం రేపటికి వాయిదా వేయొద్దు.

నాన్నగారికి చెప్పాల్సింది ఒకటే. వెటర్నరీ ఎంబీబీఎస్ రానివాళ్ల ఓదార్పు సీటు కాదు. వెటర్నరీ డిగ్రీ అయిన బీవీఎస్సీ అండ్ ఏహెచ్ కూడా నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, మొత్తం ఐదున్నరేళ్లు. 1984 నాటి చట్టం ప్రకారం రిజిస్టరైన పశువైద్యులే దేశంలో పూర్తిస్థాయి పశువైద్యం చేయాలి. ఆ తర్వాత ప్రభుత్వ ఆసుపత్రిలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ ఉద్యోగం ఉంది, అది గెజిటెడ్ పోస్టు. 1962 నంబరు మీద తిరిగే సంచార వైద్య వాహనాలున్నాయి. డెయిరీలు, కోళ్ల కంపెనీలు, గచ్చిబౌలిలోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ లాంటి టీకాల సంస్థలు, బ్యాంకుల్లో వ్యవసాయ అధికారి ఉద్యోగాలు, సైన్యంలో రిమౌంట్ వెటర్నరీ కోర్, సివిల్స్‌లో ఇదే సబ్జెక్టు ఆప్షనల్‌గా రాసుకునే వీలు, ఎమ్వీఎస్సీ అనే పీజీ చేసి పరిశోధన, సిటీలో పెంపుడు జంతువుల క్లినిక్, ఇన్ని దారులున్నాయి. దాచకుండా చెప్పాల్సింది కూడా ఉంది. ప్రభుత్వ పోస్టుల నోటిఫికేషన్ ఏటా రాదు. అది వచ్చేదాకా కాంట్రాక్టు ఉద్యోగమో, కంపెనీ ఉద్యోగమో చేస్తూ ఎదురుచూసేవాళ్లు చాలామంది. మనుషుల డాక్టరుకు వచ్చే రాబడి మామూలుగా ఇక్కడ రాదు. నాన్నగారికి డబ్బే ముఖ్యమైతే ఈ మాట ఇప్పుడే తెలియడం మంచిది.

వేరే ఉద్యోగాల గురించి అడిగావు. అడవి జంతువుల మీద మనసుంటే రెండు దారులున్నాయి. బీవీఎస్సీ చేసి జూలోనో పులుల అభయారణ్యంలోనో డాక్టరు కావడం ఒకటి, అయితే ఆ పోస్టులు చాలా తక్కువ. రెండోది డిగ్రీ చేసి దెహ్రాదూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లో వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీ చేయడం, లేదా ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్, ఐఎఫ్ఎస్ (అటవీ సర్వీసు) పరీక్షలు రాయడం. నల్లమలలో రేంజ్ ఆఫీసరుగా చేరితే పులి కనిపించే రోజుల కంటే మంటలు ఆర్పే రోజులు, చెంచు గూడేల్లో మాట్లాడే రోజులు, కోర్టు కేసుల రోజులే ఎక్కువ. జబ్బు ఎందుకొచ్చింది, జీవి లోపల ఏం జరుగుతోంది అన్న ప్రశ్నే నిన్ను లాగుతుంటే, వైద్యం చేయకుండానే ఆ పని చేయవచ్చు. సైన్సు చదువుల జాతీయ సంస్థ తిరుపతి ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది, దానికి విడిగా ప్రవేశ పరీక్ష రాయాలి. హైదరాబాద్‌లో అత్తాపూర్ దగ్గర సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్ల లాకోన్స్ ప్రయోగశాల అంతరించిపోయే జంతువుల మీదే పని చేస్తుంది. జంతు బయోటెక్నాలజీకి గచ్చిబౌలిలో ఒక జాతీయ సంస్థే ఉంది. ఈ దారిలో చదువు పొడవు, సంపాదన ఆలస్యం.

చేపలు, రొయ్యల పెంపకం నేర్పే బీఎఫ్ఎస్సీ నాలుగేళ్లు. భీమవరం, నెల్లూరు చెరువుల మీద ఉద్యోగాలు బాగానే ఉంటాయి. కానీ తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయిందని పరిగెత్తే బతుకు అది, రొయ్యను ముద్దు చేయలేవు. డెయిరీ టెక్నాలజీ బీటెక్‌లో పాలు, యంత్రాలు ఉంటాయి, ఆవు ఉండదు. పదో తరగతి తర్వాత చేసే పశుసంవర్ధక పాలిటెక్నిక్ రెండేళ్ల డిప్లొమా మంచిదే, సచివాలయాల్లో పశుసంవర్ధక సహాయకులుగా చేరినవాళ్లలో ఆ పిల్లలు చాలామంది ఉన్నారు. నువ్వు ఇంటర్ చివరికి వచ్చేశావు కాబట్టి నీకు దాని అవసరం లేదు. బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్, విశాఖలోని జంతు సంరక్షణ సంస్థల్లాంటి చోట్ల పని మనసుకు తృప్తినిస్తుంది, జీతం అంతగా ఉండదు. సిటీల్లో కుక్కలకు శిక్షణ, గ్రూమింగ్ చేసి బాగా సంపాదిస్తున్నవాళ్లు ఉన్నారు, అది వ్యాపార తెలివి ఉన్నవాళ్ల పని.

ఇంకో మాట కూడా అనాలి, ఎందుకంటే ఎవరూ అనరు. ప్రేమ ఉన్న ప్రతిదాన్నీ ఉద్యోగం చేసుకోనక్కర్లేదు. నువ్వు ఎంబీబీఎస్ చదివినా, టీచరువైనా, ఇంట్లో రెండు కుక్కల్ని పెంచి, వీధిలో కుక్కలకు ఆపరేషన్లు చేయించి, ఊళ్లో గేదెలకు సమయానికి టీకాలు వేయించే మనిషివి కావచ్చు. ఆ జీవితం తక్కువదేమీ కాదు.

ఇవన్నీ చదివి తేల్చుకునేవి కావు, చూసి తేల్చుకోవాలి. సంక్రాంతికి ఇంటికి వెళ్తావు కదా. పండగ అయ్యాక మీ ఊరికి దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి నాన్నగారిని తీసుకుని వెళ్లి, డాక్టరుగారిని అడిగి, నాలుగైదు రోజులు పొద్దుటిపూట అక్కడ నిలబడు. ఫోన్ జేబులో పెట్టుకో. గొడ్డును చట్రంలో కట్టేసి ఎద సూది వేయడం చూడు, కోడెకు బీజాలు నొక్కడం చూడు, చీము పట్టిన గిట్ట కడగడం చూడు, వీలైతే పోస్టుమార్టం కూడా చూడు. మొదటి రోజు కడుపులో తిప్పినట్టయితే కంగారుపడకు, చాలామందికి అవుతుంది. మూడో రోజు నిన్ను నువ్వు గమనించుకో. వాసన మర్చిపోయి ‘ఇదెందుకు ఇలా అయింది సార్’ అని అడుగుతున్నావా, గోడకు ఆనుకుని ఎప్పుడు అయిపోతుందా అని చూస్తున్నావా? డాక్టరు పని కన్నా రాసుకునే రికార్డులు, సూక్ష్మదర్శినిలో స్లైడు నిన్ను ఎక్కువ లాగాయా? కట్టు కట్టిన కుక్కపిల్ల దగ్గర నుంచి లేవబుద్ధి కాలేదా? ఈ జవాబుల్ని బట్టే ఏ దారి పట్టాలో నీకే అర్థమవుతుంది, నేను చెప్పక్కర్లేదు.

సీట్ల సంగతి. రెండు రాష్ట్రాల్లోనూ వెటర్నరీ కాలేజీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి. ఆంధ్రలో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి, తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు. అందుకే పోటీ ఎక్కువ. దేశవ్యాప్తంగా వెటర్నరీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నింపే 15 శాతం సీట్లకు నీట్ ర్యాంకే ఆధారం, దానికి కౌన్సిలింగ్ ఎంబీబీఎస్‌తో కాకుండా విడిగా జరుగుతుంది, దరఖాస్తూ విడిగా పెట్టాలి. ఇది తెలియక మంచి ర్యాంకు ఉండి కూడా సీటు పోగొట్టుకునే పిల్లలున్నారు. రాష్ట్ర కోటా సీట్లకు తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ ఏ పరీక్ష చెబితే అదే. కాబట్టి నీట్, ఈఏపీసెట్ రెండూ రాయి. పల్లెటూరి బడుల్లో చదివిన రైతు బిడ్డలకు విడిగా సీట్లు కేటాయించే పద్ధతి కూడా ఉంది. నోటిఫికేషన్ రాగానే ఆ నిబంధనలు చదివి, నీ స్కూలు స్టడీ సర్టిఫికెట్లు, పొలం కాగితాలు నాన్నగారి చేత సిద్ధం చేయించు. చివరి వారంలో వాటికోసం పరిగెత్తాల్సి వస్తే చాలా ఇబ్బంది.

సీటు రాకపోతే లాంగ్‌టర్మ్ ఒక్క ఏడాదికి నేను ఒప్పుకుంటాను, అది కూడా ఈసారి ర్యాంకు అంచుదాకా వచ్చి ఆగితేనే. రెండో ఏడాదికి వద్దు. ఆ వయసులో రెండేళ్లు ఒకే గదిలో అవే బిట్లు చేస్తూ కూర్చున్న పిల్లల ముఖాలు నేను చూశాను. అంచుదాకా రాకపోతే బీఎఫ్ఎస్సీలోనో, ఐసర్‌లోనో, మంచి కాలేజీలో జువాలజీ ఉన్న డిగ్రీలోనో చేరు. పక్క రాష్ట్రాల ప్రైవేటు కాలేజీలో సీటిప్పిస్తామని ఏజెంట్లు ఫోన్ చేస్తారు. ఆ కాలేజీకి వెటర్నరీ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో కౌన్సిల్ జాబితాలో స్వయంగా చూడకుండా రూపాయి కట్టొద్దని నాన్నగారికి చెప్పు. గుర్తింపు లేని డిగ్రీతో రిజిస్ట్రేషన్ రాదు, రిజిస్ట్రేషన్ లేకపోతే ప్రాక్టీసు లేదు.

బాబాయిగారి సలహా ప్రేమతో ఇచ్చిందే గానీ ఇప్పుడు నీకు పనికిరాదు. అమెరికాలో ఇంటర్ అవగానే వెటర్నరీలో చేరడం ఉండదు. మామూలుగా ముందు డిగ్రీ స్థాయిలో నిర్ణీత సబ్జెక్టులు చదవాలి, ఆ తర్వాత నాలుగేళ్ల డీవీఎం అనే వెటర్నరీ డిగ్రీ. విదేశీ విద్యార్థులకు ఆ ఖర్చు రైతు కుటుంబం మోసేది కాదు. ఇక్కడ బీవీఎస్సీ చేసి అక్కడ ప్రాక్టీసు చేయాలంటే ఈసీఎఫ్‌వీజీ లేదా పేవ్ అనే అర్హత ప్రక్రియ, నావ్లే పరీక్ష పూర్తి చేయాలి. ఖర్చు, సమయం రెండూ పడతాయి, అయినా చేసినవాళ్లున్నారు. ఆ ఆలోచన ఇంటర్న్‌షిప్ నాటికి చేసుకుంటే సరిపోతుంది.

చివరగా, నువ్వుండే విజయవాడకు గన్నవరం వెటర్నరీ కాలేజీ దగ్గరే. అక్కడి ఆసుపత్రిలో పొద్దుట ఓపీ నడుస్తుంది. పరీక్షలు అయిపోయాక నాన్ననూ అమ్మనూ ఇద్దరినీ తీసుకుని ఒక పూట అక్కడికి వెళ్లు. ఇంటర్న్ అమ్మాయిలు కనిపిస్తారు. అమ్మను వాళ్లతో మాట్లాడనివ్వు, నువ్వు పక్కకు తప్పుకో. రాత్రి డ్యూటీలెలా ఉంటాయి, హాస్టల్ ఎలా ఉంది, ఇంట్లోవాళ్లు ఏమన్నారు, పెళ్లి సంబంధాల్లో అడ్డమేమైనా వచ్చిందా, ఇవన్నీ ఆవిడ నిన్ను అడగదు గానీ వాళ్లను అడుగుతుంది. నాన్నగారిని మాత్రం అక్కడ గేదె తాడు పట్టుకుని వచ్చిన రైతుల పక్కన కూర్చోబెట్టు.